వాగునుంచి సముద్రానికి: పటాన్‌చెరు పరిశ్రమ విశాఖ వలస

పటాన్‌చెరు మందుల పరిశ్రమ విశాఖ తీరానికి తరలిపోయిందన్న మాట మనం తరచు వింటూవుంటాం. చెప్పేవాళ్ళు దీనికి రెండు కారణాలు చూపుతారు. ప్రజల ఆందోళనా కోర్టు ఉత్తరువులూ కలిసి పరిశ్రమను అక్కడ పెరగనివ్వలేదట. రేవుపట్టణం దగ్గర వుంటే ఎగుమతికి సులువట. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. కాని అంతటితో చరిత్ర అయిపోయిందనుకుంటే అసలు తరలినదేమిటో మనకు ఎన్నటికీ బోధపడదు. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి కర్మాగారాలు యీనాటికీ అక్కడే వున్నవి. కంపెనీల ప్రధాన కార్యాలయాలు హైదరాబాదు వదలలేదు. చెడిన చెరువులను ఎవరూ వెంట మోసుకుపోలేదు. మరి తరలినదేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు నేల వాలు చూడాలి. పటాన్‌చెరు ప్రాంతం రెండు మహానదుల నీటిని వేరుచేసే మెరక దగ్గర వున్నది. ఇక్కడి నీరు నక్కవాగులోకి, నక్కవాగునుంచి మంజీరలోకి, మంజీరతో గోదావరిలోకి పోతుంది. హైదరాబాదు వైపు పడిన వాన మూసీలోకి, మూసీతో కృష్ణలోకి పోతుంది. నక్కవాగు పేరుకు తగినంత చిన్నది. వానాకాలం దాటితే దానిలో పారే నీరు స్వల్పం. వాగు పక్క చెరువులూ, చెరువుల కింద వరీ, గట్లమీద పశువులూ – యిదీ అక్కడి బ్రతుకు. ఇటువంటిచోట రసాయన పరిశ్రమను నెలకొల్పటమంటే పెద్దింటి వంటను గిన్నెలు కడిగే తూము లేని వంటింట్లో మొదలుపెట్టడంవంటిది.

నెలకొల్పినవాళ్ళకు యీ సంగతి తెలియదా? తెలుసు. అయినా ఎందుకు నెలకొల్పారు? 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. సోవియట్ సహాయంతో హైదరాబాదులో మందుల కర్మాగారం నిర్మించింది. రసాయనవేత్తలకూ ఇంజనీర్లకూ అది పెద్ద బడి అయింది. 1970నాటి పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి వచ్చింది. మందుకు కాక, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇవ్వటంతో, వేరొక పద్ధతిలో అదే మందును తయారుచేయడానికి దారి తెరుచుకున్నది. విదేశీ గుత్తసంస్థల మీద అది మన దేశం సాధించిన విజయమే. దానిని తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అయితే ప్రభుత్వరంగంలో నేర్చిన విద్య ప్రైవేటురంగంలో పంట అయింది. డాక్టర్ రెడ్డీస్ 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డి అంతకుముందు ఐ.డి.పి.ఎల్.లో పనిచేసినవాడే. 1970 దశకంలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వెలసింది. వెనుకబడిన జిల్లా పేరిట రాయితీలు వచ్చినవి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికకావడంతో జిల్లాకు ఢిల్లీలో మరింత పలుకుబడి కలిగింది.

పెట్టుబడి సంగతి కూడా ఒక్క మాట చెప్పుకోవాలి. కృష్ణా గోదావరీ డెల్టాలలో కాలువనీటి కింద పండిన మిగులులో కొంత రైస్‌మిల్లులుగా, సినిమాలుగా, కాంట్రాక్టులుగా మారి, చివరకు హైదరాబాదు పరిసరాల కర్మాగారాలలోకి వచ్చి చేరింది. అంటే తీరంనుంచి మెట్టకు మొదట వలసవచ్చినది పెట్టుబడి. దాని మురుగు తిరిగి తీరానికి చేరడానికి పాతికముప్ఫయ్యేళ్ళు పట్టింది.

ఈ మురుగు స్వభావం తెలియనిదే కథ ముందుకు సాగదు. బల్క్ డ్రగ్ అంటే మాత్ర కాదు, మాత్రలోని మూలపదార్థం. కిలో మూలపదార్థం తయారుకావాలంటే ద్రావకాలూ ఆమ్లాలూ క్షారాలూ కిలోలకు కిలోలు వాడాలి. మందులోకి చేరనిదంతా ఎక్కడికో పోవాలి. పటాన్‌చెరులో అది వాగులోకి పోయింది. బావులు చెడినవి, పొలాలు చెడినవి. మందు చౌక అయిందంటే, దాని ధరలో కొంత నక్కవాగు రైతు చెల్లించాడన్నమాట. ఏ బాలెన్సు షీటులోనూ యీ పద్దు కనపడదు.

రైతులు వూరుకోలేదు. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు రోగాల లెక్కతో సహా యీ సంగతిని లోకానికి చెప్పారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు ఎక్కింది. అక్కడినుంచి హైకోర్టుకూ, హరిత ట్రిబ్యునలుకూ మారింది. చెడిన పంటలకు నష్టపరిహారం నిర్ణయమయింది. 1994లో కర్మాగారాలు కలిసి ఉమ్మడి శుద్ధికేంద్రం పెట్టుకున్నవి. ఆ శుద్ధి ఎంత శుద్ధో 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుల పరిశోధన బయటపెట్టింది. సుమారు 90 కర్మాగారాల మురుగును శుద్ధిచేసి వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా వున్నదని వారు తేల్చారు. ఆ మందు వాడే రోగి రక్తంలో సైతం అంత మోతాదు వుండదు! అటువంటి నీటిలో బ్రతకనేర్చిన సూక్ష్మజీవులు రేపు ఏ ఆస్పత్రిలోనూ మందుకు లొంగవు. జబ్బుకు మందు చేసే పరిశ్రమే మందుకు లొంగని జబ్బును పెంచటం – దీనికి మించిన వైరుధ్యాన్ని పాఠ్యగ్రంథాలలో వెతకనక్కరలేదు.

అప్పుడేం చేశారు? పారిశ్రామికవాడనుంచి 18 కిలోమీటర్ల గొట్టం వేసి మురుగును హైదరాబాదు నగరపు మురుగుకాలువలో కలిపారు. అంబర్‌పేట శుద్ధికేంద్రం మీదుగా అది మూసీలో పడింది. గోదావరికి పోవలసిన విషాన్ని కృష్ణకు దత్తతిచ్చారు. మంజీర కింది రైతు బాధను మూసీ కింది రైతుకు బదిలీచేశారు. విశాఖ వలస యీ గొట్టానికి పొడిగింపేనని నా అభిప్రాయం. చిన్నవాగు చాలలేదు, నగరపు మురుగుకాలువ చాలలేదు; ఇక మిగిలింది సముద్రం. పటాన్‌చెరులో కొత్త బల్క్ డ్రగ్ కర్మాగారాలకూ విస్తరణలకూ ప్రభుత్వం నిషేధం పెట్టి, తరవాత షరతులతో సడలించింది. ఇంతలో విస్తరణ తీరం వెంట సాగిపోయింది. భీమిలి దగ్గర చిప్పాడలో దివీస్, నక్కపల్లి దగ్గర హెటిరో. 2000 దశకంలో పరవాడలో రెండువేల ఎకరాలకు పైబడిన జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ. సముద్రంలోకి వ్యర్థజలం వదిలే గొట్టం దానికి ముఖ్యమైన ఆకర్షణ. తరలినది మురుగు; పరిశ్రమ దాని వెంట వెళ్ళింది.

సముద్రం అనంతమని కవులు చెప్పవచ్చు, తప్పులేదు. జాలరికి మాత్రం సముద్రమంటే తన తెప్ప వెళ్ళగలిగినంత దూరమే. ముత్యాలమ్మపాలెం, తిక్కవానిపాలెం వంటి పల్లెల వాళ్ళకు బంగాళాఖాతం ఒడ్డునుంచే మొదలవుతుంది, గొట్టమూ ఒడ్డునుంచే మొదలవుతుంది. పోనీ, వచ్చిన చోటైనా శుభ్రమైనదా? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామికవాడలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది, విశాఖపట్నానికి 70.82. రోగిని మరింత జబ్బు వార్డులోకి మార్చారన్నమాట.

మనుషుల తరలింపు మరొక రకం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పేదలు పనికోసం హైదరాబాదు పరిసరాలకు రావటం దశాబ్దాలనాటి మాట. పటాన్‌చెరులో రియాక్టరు దగ్గర పని నేర్చిన కెమిస్టూ ఆపరేటరూ ఆ అనుభవాన్నే పెట్టుబడిగా పెట్టుకొని పరవాడకు మారుతూవుంటారు. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో అద్దెయిల్లు, కంపెనీ బస్సు, మూడు షిఫ్టులు. సొంత ప్రాంతానికి తిరిగివచ్చానన్న తృప్తి కొందరికైనా వుంటుంది, దానిని నేను ఎగతాళి చేయను. కాని ఉద్యోగి యిల్లు మారగలడు, ఊరు మారలేదు. ఫార్మాసిటీని ఆనుకొనివున్న తాడి గ్రామస్తులు తమ నీరు చెడిందని, ఊరిని మరొకచోటికి తరలించమని ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. పరిశ్రమ తరలివచ్చిన చోట ఊరు తరలిపోతానంటున్నది!

ప్రాణాలు పోవటంలో మాత్రం రెండు ప్రాంతాలకూ తేడా లేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని మందుల కర్మాగారంలో పేలుడుకు 17మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడుకు నలభైమందికి పైగా బలి అయ్యారు. వారిలో బీహారు, ఒడిషా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వలస కార్మికులు అనేకులు.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. పొగగొట్టాన్ని చూసి ప్రగతి అనుకున్నవాళ్ళం మనమూను. కర్మాగారం లోపల వేతనాల సంగతి మాట్లాడినంత గట్టిగా గోడకివతల నీళ్ళ సంగతి మాట్లాడలేదు. గోడకివతల పోరాడిన రైతు, లోపల పనిచేసే కార్మికుణ్ణి తన శత్రువు కూలివాడిగా చూశాడు. యాజమాన్యం యిద్దరికీ ఒకే భయం చెప్పింది – గొడవచేస్తే కర్మాగారం తరలిపోతుందని. ఆ బెదిరింపుకు విశాఖను సాక్ష్యంగా చూపింది. విశాఖలో గొడవచేస్తే మరొక తీరాన్ని చూపుతుంది. ఒకే వ్యర్థానికి అటూ ఇటూ వున్న పటాన్‌చెరు రైతూ పరవాడ జాలరీ ఒకే వేదికమీద కూర్చోనంతకాలం యీ ఎత్తు పారుతూనే వుంటుంది.

2022లో కేంద్రప్రభుత్వం మూడు బల్క్ డ్రగ్ పార్కులకు ఆమోదం తెలిపింది. ఆంధ్రప్రదేశ్ వంతుది మొదట కాకినాడ దగ్గర తలపెట్టి, తరవాత అనకాపల్లి జిల్లా నక్కపల్లికి మార్చారు. 2025లో ఆ పక్కనున్న రాజయ్యపేట మత్స్యకారులు, పార్కు తమకు వద్దని, వలలు ఒడ్డునపెట్టి జాతీయ రహదారిమీద బైఠాయించారు.