త్రాసు ముల్లు – శరీరంలోని నీరు

బరువు తగ్గదలచి అనంతగిరి, అరకులోయ కొండదారులలో నడక మొదలిడినవారికి తొలివారంలో త్రాసు ముల్లు వింతలు చూపుతుంది. ఒకరికి రెండు కిలోలు తగ్గవచ్చు. మరొకరికి బరువు పెరుగవచ్చు. ఇందుకు కారణమేమి? జవాబు దొరకడానికి మూడు శతాబ్దాలకు పైగా పట్టింది.

ఇటలీ వైద్యుడు సాంక్టోరియస్ త్రాసుకు కుర్చీ వ్రేలాడగట్టి, అందులో కూర్చుండి ఏండ్ల తరబడి తన్ను తాను తూచుకొన్నాడు. రోజుకు 8 పౌనుల అన్నపానాలు తీసుకొంటే, 5 పౌనులు కంటికి కనబడని చెమటగా పోతున్నవని 1614లో ప్రకటించాడు. 1857లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోడ్ బెర్నార్డ్ కాలేయంలో నిలువ ఉండే గ్లైకోజన్ అనే పిండిపదార్థాన్ని వేరుచేశాడు. ప్రతి గ్రాము గ్లైకోజన్‌తోపాటు 3, 4 గ్రాముల నీరు శరీరంలో నిలుస్తుందని 1970లో స్వీడన్‌లో ఓల్సన్, సాల్టిన్ చూపారు.

దీనితో చిక్కు విడిపోయింది. ఆహారం తగ్గించగానే ముందు ఖర్చయ్యేది ఈ నిలువయే. దానితో నీరూ పోతుంది. కొండ దిగే నడకకు అలవాటులేని కండరాలు నొచ్చి, వాచి నీరు పట్టితే బరువు పెరుగుతుంది. కొవ్వు కరగడం నిదానమైన పని. తొలివారపు ముల్లును నమ్మి నీరు త్రాగడం మానితే ప్రమాదం. నిరాశతో నడక మానితే నష్టం. కొన్ని వారాల సగటును చూడడమే శాస్త్రీయ పద్ధతి.