అదృష్టమునకు చిరునామా

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాఫీపొడి మొదలు మోటారు కార్ల వఱకు అమ్ము వర్తక సంస్థలు ప్రజలకు ఉచిత బహుమతులు ప్రకటించుట పరిపాటి. ఒక కార్డుపై పేరు, చిరునామా వ్రాసి పంపిన చాలును. చీటి తగిలినవారికి కారో, రొక్కమో దక్కును. అయితే ఆ ప్రకటనల అడుగున చిన్న అక్షరములతో అచ్చువేసిన నియమములలో పెక్కుమార్లు ఒక వాక్యము కనబడును. పోస్టు బాక్సు చిరునామాలు అంగీకరింపబడవు అని దాని సారాంశము. ఇంటికి తపాలా రాని చిన్న ఊళ్లలో కాపురముండు కుటుంబములకు పోస్టాఫీసులోని పెట్టె నంబరే చిరునామా. అట్టివారికి అదృష్టదేవత తన వాకిలి మూయుట ఏల? ఈ నియమము ఏ గుమాస్తా బుద్ధిలోనో ఒకనాడు పుట్టినది కాదు. లాటరీలకును తపాలాశాఖకును తరతరములుగ జరిగిన పోరాటము దీని వెనుక నున్నది.

ఈ బహుమతి పథకములను అచట స్వీప్ స్టేక్స్ అందురు. ఇది గుఱ్ఱపు పందెముల నుండి వచ్చిన మాట. పందెగాండ్రు అందఱును ఒడ్డిన సొమ్మును గెలిచినవాడు ఊడ్చుకొని పోవును గనుక ఆ పేరు వచ్చినది. జూదమునకు ధర్మరాజంతటివాడే లోబడిన కథ మనము ఎఱుగనిది కాదు. అమెరికా దేశము స్వాతంత్ర్యమునకై పోరాడుచున్న దినములలో, 1776వ సంవత్సరమున, సైన్యమును పోషించుటకు అచటి కాంగ్రెసు మహాసభయే లాటరీ నడిపెను. నాడు లాటరీ నింద్యము కాదు. పన్ను వేయుటకు అధికారము చాలని ప్రభుత్వమునకు అదియొక ఆదాయ మార్గము.

ఆ కాలమున ఉత్తరము ఇంటికి వచ్చుట అందఱికి ఉండిన భాగ్యము కాదు. ఎవరి ఉత్తరమును వారు పోస్టాఫీసునకు పోయి తెచ్చుకొనవలసి యుండెను. అద్దె చెల్లింపగలవారు అచట ఒక పెట్టెను తమ పేర ఉంచుకొనెడివారు. పట్టణములలో ఇంటింటికి ఉచితముగ ఉత్తరములు అందించుట 1863లో ఆరంభమైనది. పల్లెలకు ఆ సౌకర్యము 1896లో గాని ప్రయోగరూపమున వెళ్లలేదు. కావున పోస్టు బాక్సు అనునది దాగుకొనువారికై కల్పించినది కాదు. ఇంటి తలుపునకు తపాలా రాకపూర్వమే గౌరవముగ నడచిన చిరునామా అది.

లాటరీకిని తపాలాకును వైరము అంతర్యుద్ధము ముగిసిన తరువాత ముదిరెను. 1868లో లూసియానా రాష్ట్రము ఒక కంపెనీకి 25 సంవత్సరముల కాలము లాటరీ నడుపు గుత్త హక్కునిచ్చెను. అందులకు కంపెనీ ఏటేట 40,000 డాలర్లు ప్రభుత్వమునకు చెల్లింపవలెను. ప్రజలకు నమ్మకము కలిగించుటకై బోరెగార్డ్, జూబల్ ఎర్లీ అను ఇద్దఱు పేరుమోసిన మాజీ సేనానులను చీటీలు తీయు సభలకు అధ్యక్షులుగ నియమించిరి. టిక్కెట్లు కొనువారిలో అత్యధికులు ఇతర రాష్ట్రములవారు. వారి సొమ్మంతయు తపాలా సంచులలోనే న్యూ ఆర్లియన్సు నగరము చేరుచుండెను. తపాలా లేనిదే ఆ లాటరీ లేదు.

అదే 1868లో లాటరీలకు సంబంధించిన ఉత్తరములను, ప్రకటనలను తపాలాలో వేయరాదని కాంగ్రెసు శాసనము చేసెను. కాని ముద్రవేసిన కవరులో ఏమున్నదో తెలియుట ఎట్లు? లాటరీ ప్రకటన పంపి శిక్షపడిన యొకని వ్యాజ్యము 1878లో సుప్రీముకోర్టు తీర్మానమునకు వచ్చెను. తపాలాలో ఏవి పోవలెనో, ఏవి పోరాదో నిర్ణయించు హక్కు కాంగ్రెసునకు కలదని కోర్టు చెప్పెను. కాని మూసిన ఉత్తరము మనుష్యుని ఇంటిలోని కాగితముల వంటిదే యనియు, న్యాయస్థానపు వారంటు లేక దానిని విప్పరాదనియు అదే తీర్పున స్పష్టము చేసెను. పౌరుల ఉత్తరములకు ఇంత గట్టి రక్షణ ఒక లాటరీ వ్యాజ్యమున లభించుట చరిత్రలోని వింత.

కవరు విప్పరాదన్నచో అధికారికి మిగిలినది కవరు మీది చిరునామా యొక్కటే. పోరాటమంతయు నాటి నుండి చిరునామా చుట్టును తిరిగెను. కంపెనీ అధికారియైన డాఫిన్ పేర వచ్చు రిజిస్టరు ఉత్తరములను, మనియార్డర్లను ఆపవలసినదని 1879లో పోస్టుమాస్టరు జనరలు ఉత్తరువు చేసెను. కొలది కాలములోనే దానిని నిలిపివేసెను. వివాదము మరల తల యెత్తగనే కంపెనీవారు ఎత్తుకు పైయెత్తు వేసిరి. రొక్కము గల ఉత్తరములను న్యూ ఆర్లియన్సు నేషనల్ బ్యాంకు పేర పంపుడని పత్రికలలో ప్రకటించిరి. బ్యాంకునకు వచ్చు ఉత్తరములను ఆపుటకు ఎవరికి సాధ్యము?

తుదకు అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ కాంగ్రెసునకు గట్టిగ వ్రాయగ 1890 సెప్టెంబరులో కఠిన శాసనము వెలువడెను. లాటరీ ప్రకటనలు గల వార్తాపత్రికలకు సైతము తపాలా ద్వారము మూతపడెను. కంపెనీకి బదులుగ సొమ్ము పుచ్చుకొను బ్యాంకులును ఆ శాసనమునకు లోబడెను. 1892లో సుప్రీముకోర్టు దానిని సమర్థించెను. గుత్త హక్కు పొడిగించినచో ఏటికి 12,50,000 డాలర్లు ఇత్తుమని ఆశ చూపినను లూసియానా ప్రజలు 1892లో వోటు ద్వారా నిరాకరించిరి. గడువు తీరిన పిదప కంపెనీ హోండూరాసు దేశమునకు తరలెను. తపాలాను విడిచి ప్రయివేటు రవాణా కంపెనీల ద్వారా వ్యవహారము సాగించెను. 1895లో రాష్ట్రముల నడుమ లాటరీ టిక్కెట్ల రవాణాయే నిషేధింపబడగా, 1903లో సుప్రీముకోర్టు ఐదుగురు నలుగురిగ చీలి ఆ నిషేధమును కూడ నిలబెట్టెను.

ఈ నాటకము సముద్రమునకు ఆవలను మరల ఆడబడెను. ఐర్లండు ఆసుపత్రుల సహాయార్థమని 1930లో ఆరంభమైన ఐరిష్ స్వీప్ స్టేక్ 1987 వఱకు నడచినది. గుఱ్ఱపు పందెములతో ముడిపెట్టిన ఈ లాటరీలో చీటీలు తీయునది యూనిఫారము ధరించిన నర్సులు. టిక్కెట్లు కొన్నది మాత్రము ముఖ్యముగ బ్రిటను, అమెరికా ప్రజలు. 1934లో బ్రిటను శాసనము చేసి విదేశీ లాటరీలను అరికట్టెను. అమెరికాలో నిషేధము అంతకుముందే కలదు. రెండు దేశముల తపాలా అధికారులును డబ్లిను ఉత్తరములపై కన్ను వేసి యుంచిరి. అందుచేత ఆ సొమ్మును కార్యాలయము పేర గాక, ఐర్లండులోని సామాన్యుల ఇండ్ల చిరునామాలకు పంపు ఏర్పాటు జరిగెను. ఒకనాడు బ్యాంకు వెనుక దాగిన లాటరీ ఇప్పుడు కాపురముల వెనుక దాగినది.

మన దేశమునను ప్రభుత్వానుమతి లేని లాటరీ కార్యాలయము నడుపుట 1870 నుండి శిక్షార్హమైన నేరము. ఆ సంవత్సరమే భారత శిక్షాస్మృతికి 294-ఎ సెక్షను చేర్చబడెను. 1967లో కేరళ ప్రభుత్వము స్వయముగ లాటరీ శాఖను నెలకొల్పినది ఆ అనుమతి గల త్రోవలోనే.

అమెరికా వర్తకులు ఈ శాసనములను కూలంకషముగ చదివి సన్నని సందు కనుగొనిరి. లాటరీకి మూడు అంగములు కావలెను: బహుమానము, అదృష్టముచే నిర్ణయము, పాల్గొనువాడు చెల్లించు ప్రతిఫలము. మూడవదానిని తీసివేసినచో అది లాటరీ కాదు. ఈ సూక్ష్మమునకు ముద్రవేసిన వ్యాజ్యము రేడియోకు సంబంధించినది. ‘స్టాప్ ది మ్యూజిక్’ వంటి కార్యక్రమములలో శ్రోతలకు టెలిఫోను చేసి, ప్రశ్నకు సరియైన జవాబు చెప్పినవారికి బహుమతు లిచ్చెడివారు. ఇవి లాటరీలేయని ప్రసార నియంత్రణ సంఘము 1949లో నిబంధనలు చేసెను. ఇంట కూర్చుండి రేడియో వినుట ప్రతిఫలము చెల్లించుట కానేరదని 1954లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. రేడియో గల ప్రతి ఇంటివారికి ఇది ముచ్చటైన తీర్పు!

ఆ వెనుక 1960 ప్రాంతమున తపాలా స్వీప్ స్టేక్స్ వెల్లువగ వచ్చెను. రీడర్స్ డైజెస్ట్ వంటి పత్రికలు లక్షల ఇండ్లకు కవర్లు పంపినవి. ‘కొనుగోలు అవసరము లేదు’ అను వాక్యము ప్రతి నియమావళిలోను చేరెను. సరుకు కొననివారు సాదా కార్డుపై చేతితో పేరు, చిరునామా వ్రాసి పంపవచ్చును. ఉచితమగుటచే ఒక్కడే వంద కార్డులు పంపు ప్రమాదము వచ్చిపడెను. ఇంటికి ఒక్క కార్డేయని నియమము పెట్టిరి. ఇల్లు అన్నచో వీధి పేరు, ఇంటి నంబరు కావలెను. పెట్టె నంబరును బట్టి ఏ కాపురమో పోల్చుకొనుట కష్టము. ఇంతే గాక, బహుమతిగ వచ్చు పెద్ద సామానును మోసితెచ్చు ప్రయివేటు రవాణా కంపెనీలు పోస్టు బాక్సునకు చేర్పజాలవు. ఇవి ఆ నియమమునకు గల కారణములు. కార్డులు చేరవలసిన చిరునామాగ ఆ సంస్థలు ప్రకటించునది మాత్రము తఱచుగ ఒక పోస్టు బాక్సే! తమకు తగినది పరులకు తగదనుట ఏమి న్యాయమని పల్లెవాడు అడిగినచో జవాబు చెప్పుట కష్టము.

నిజమునకు పోస్టాఫీసులో పెట్టె పొందువాడు గుర్తింపు పత్రములను చూపి, తన నివాసమును తెలుపవలెను. ఇంటికి బట్వాడా లేని ప్రాంతములవారికి తపాలాశాఖయే ఉచితముగ పెట్టె నిచ్చు పద్ధతియు కలదు. ప్రయివేటు దుకాణములలో అద్దెకు దొరకు పెట్టెల సంగతి వేఱు. వానిని ఇంటి చిరునామాలుగ చెలామణి చేయుట అరికట్టుటకు 1999లో నిబంధనలు బిగించిరి. ఒకరి మోసమునకు మఱియొకరు అనుమానము మోయవలసి వచ్చినది.

పెట్టె నంబరు మాత్రమే గలవారు ముందుగ నియమావళిని చదువవలెను. కొన్ని సంస్థలు పెట్టె నంబరును అంగీకరించును. కొన్ని, బహుమతి చేర్చుటకు మాత్రము ఇంటి చిరునామా కోరును. ఇంటి నంబరు తప్పనిసరి యైనచోట, ఉన్న ఇంటి నంబరును పై వరుసలోను, పెట్టె నంబరును దాని క్రిందను వ్రాయుట మేలు. ఊరిపేరునకు సరిగా పైనున్న వరుసను బట్టియే అమెరికా తపాలావారు ఉత్తరమును చేర్చుదురు. ఇంటి నంబరు మాత్రమే వ్రాసినచో, బట్వాడా లేని ఊరిలో, గెలుపు వార్త తెచ్చిన ఉత్తరము పంపినవారికే తిరిగి పోవచ్చును. కొన్ని పోస్టాఫీసులు తమ వీధి చిరునామాకు పెట్టె నంబరును జోడించి వాడుకొననిచ్చును. దాని మూలమున ప్రయివేటు రవాణా వారి పార్సిళ్లును అందును. అయితే నివాసము తెలుపుమని అడిగినచోట దానిని నివాసముగ చూపరాదు. అది అసత్యమగును, వచ్చిన బహుమతియు పోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. 1999లో అమెరికా చేసిన శాసనము ప్రకారము ఇట్టి తపాలా ప్రకటనలలో, కొనుగోలు అవసరము లేదనియు, కొన్నంత మాత్రమున గెలుపు అవకాశము పెరుగదనియు స్పష్టముగ వ్రాయవలెను. కనుక బహుమతి వచ్చినది, ముందుగ రుసుము పంపుడని ఉత్తరము వచ్చినచో అది మోసమే. అచట స్థిరపడిన మన తెలుగు కుటుంబములును, ఇట నుండి వారి క్షేమము కోరు పెద్దలును దీనిని మఱువరాదు. చిరునామా పెట్టెదైనను, మేడదైనను, గెలిచినవాని యొద్ద ముందుగ సొమ్ము కోరువాడు దాత కాడు.