కొలువుకు ముందటి ప్రశ్నలు

నేను నూజివీటి మామిడితోటల నడుమ పెరిగినవాడను. పూర్వము కొలువు కోరువానికి పెద్దల సిఫారసే దిక్కు. 1855లో సివిలు సర్వీసునకు లండనులో పోటీపరీక్ష మొదలైనది. 1929లో మద్రాసు రాజధానికి సర్వీసు కమిషను ఏర్పడినది. సిఫారసు బలము కొంత తగ్గెను గాని, క్రమముగా వ్రాతపరీక్షకు ముఖాముఖి ప్రశ్నలు తోడైనవి.

అక్కడనే పల్లెబిడ్డకు గుండెదడ. యాస విని మార్కులు కోయుదురేమో యని శంక. కళాశాల ప్రవేశములను గూర్చిన అజయ్ హాసియా వ్యాజ్యమున, రెండు మూడు నిమిషముల ముఖాముఖికి మొత్తము మార్కులలో మూడవవంతు కేటాయించుట తగదనియు, నూటికి 15 మించరాదనియు 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2016 నుండి కేంద్రప్రభుత్వము తన క్రిందితరగతి ఉద్యోగములకు ముఖాముఖినే తీసివేసెను. కంపెనీల కొలువులకు మాత్రము అది తప్పలేదు.

2008లో మా నూజివీట ట్రిపుల్ ఐటీ వెలసినది. అందు చదువు మా మనుమడొకనాడు, ‘నిన్ను గూర్చి చెప్పుము’ అను ప్రశ్నకు ఎవరో వ్రాసిన ఇంగ్లీషు జవాబును వల్లించుచుండెను. వాని పేరు తప్ప అందు వానిది ఒక్క ముక్కయు లేదు.

“పూతమీద తేనెమంచు పురుగు పడ్డప్పుడు తోటను ఎట్లు కాచితివిరా?” అంటిని.

తడుముకొనక చెప్పెను.

“ఇది చెప్పరాదా?”

“ఇది వారికెందుకు, తాతయ్యా?”

ఆ రాత్రి ఇద్దరము లాంతరు దగ్గర కూర్చుండి, దానినే జవాబుగా వ్రాసితిమి. ఇంగ్లీషు వానిది, పురుగు సంగతి నాది.