ఏలూరు సీమ అడవుల్లో వసంతం: మోదుగ, ఇప్ప పూల చరిత్ర

కొల్లేటి నీరు తగ్గుముఖం పట్టే మాఘ, ఫాల్గుణ మాసాల్లోనే ఏలూరుకు ఉత్తరాన, మెట్ట దాటాక వచ్చే బుట్టాయగూడెం, పోలవరం అడవుల్లో వసంతం తొంగిచూస్తుంది. ఇవి ఆకురాల్చే అడవులు, అంటే వేసవి ఎద్దడిని తట్టుకోవడానికి చెట్లు ముందుగానే ఆకులు వదిలేసే అడవులు. వానాకాలంలో రాళ్లను, మాను మొదళ్లను కప్పిన నాచు అప్పటికి ఎండి వన్నె తప్పుతుంది కనుక, రుతువు మారిన జాడ నేలమీద కంటే బోసికొమ్మల మీద, మోదుగ పూల కాషాయపు ఎరుపులో ముందుగా కనబడుతుంది.

ఈ పూలు ముద్రిత వృక్షశాస్త్రంలోకి ఎక్కిన వైనం సర్కారు జిల్లాల చరిత్రతో ముడిపడి ఉంది. నిజాం పాలన నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన తీరప్రాంత విభాగాలను ఉత్తర సర్కారులు అనేవారు. ఏలూరు వాటిలో ఒకటి. 1776లో మద్రాసు చేరిన స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఆ తరువాత సామర్లకోటలో ఉంటూ, మొక్కలను సేకరింపజేసి, భారతీయ చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, లండనుకు పంపాడు. 1795లో వెలువడడం మొదలైన ఆయన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో మోదుగ, ఇప్ప రెండూ తెలుగు పేర్లతో సహా చేరాయి. ఆ పేర్లు చెప్పినవారికి, బొమ్మలు గీసినవారికి మాత్రం అందులో తగిన గుర్తింపు దక్కలేదు.

ఇప్పను ఈ అడవుల గిరిజనులైన కోయలు, కొండరెడ్లు అంతకు ఎంతో ముందే ఎరిగి ఉన్నారు. కండపట్టి, తియ్యగా ఉండే లేతపసుపు ఆకర్షణపత్రావళి, అంటే పూరేకుల తొడుగు, రాత్రి గడిచి తెల్లవారేసరికి రాలిపోతుంది. కాయకు మూలమైన అండాశయం కొమ్మమీదే నిలిచి, కొన్ని నెలలకు నూనెగింజనిస్తుంది. చెట్టుకింద ఊడ్చి, రాలిన పూవునే ఏరి, ఎండబెట్టి తిండికీ సారాకూ వాడుకునే ఆచారం వల్ల పంట చెడదు. ఇలా పూలు ఏరుకునే అడవిమీద 1882 మద్రాసు అటవీ చట్టం సర్కారు అదుపును బిగించగా, 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై గిరిజనుల యాజమాన్యాన్ని గుర్తించింది.

పువ్వు ఎప్పుడు రాలుతుందో, ఏది ఏరాలో, ఏది కొమ్మకు వదలాలో తెలిసిన ఆ ఎరుక కూడా వృక్షశాస్త్రమే. ఈ సీమ మొక్కల చరిత్రను రాసేవారు రాక్స్‌బర్గ్ పేరు సరసన దానికీ స్థానం కల్పించడం న్యాయం.