పుస్తకం పట్టిన చేతుల్లో పులిహోర పొట్లం

ఆమడ అంటే మన పెద్దల లెక్కలో సుమారు ఎనిమిది మైళ్లు. బండి కట్టుకుని పోయేవాళ్లూ, కాళ్లనే నమ్ముకున్నవాళ్లూ దూరాన్ని అలాగే చెప్పుకునేవారు. ఆ మాటను పేరులోనే పెట్టుకున్న ఊరు ఆమడగూరు. చౌడేశ్వరమ్మ గుడి, వాన చినుకు మీదే ఆశ పెట్టుకున్న శెనక్కాయ చేలు, చింతచెట్లు, కాస్త ముందుకు పోతే కన్నడసీమ. వెనకటికి కదిరి తాలూకా కింద లెక్క. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో, పుట్టపర్తి నియోజకవర్గంలో ఒక మండల కేంద్రం.

ఇలాంటి ఊళ్లలో చాలాకాలం చదువును కూడా ఆమడల్లోనే కొలిచారు. బడి అయిపోతే కదిరి, కదిరి అయిపోతే అనంతపురం, అదీ దాటాలంటే తిరుపతో హైదరాబాదో. ప్రతి మజిలీలోనూ కొందరు ఆగిపోయేవారు. ఆడపిల్లలైతే మొదటి మజిలీ కూడా చేరేవారు కాదు. ఆ ఆమడగూరుకు ఒక పూట ప్రయాణం కూడా లేని పుట్టపర్తిలో ఒక విశ్వవిద్యాలయం వెలిసింది. అక్కడి విద్యార్థులు ఏటా కొన్ని రోజులు పుస్తకాలు పక్కనపెట్టి, చుట్టుపక్కల ఊళ్ల గడపగడపకూ అన్నం పొట్లం పట్టుకుని వచ్చారు. చదువు తానుగా ఊరి దాకా నడిచి వచ్చిన ఆ కథ చెప్పాలంటే ముందు బుక్కపట్నం దారి పట్టాలి.

చిత్రావతి ఒడ్డున ఉన్న పుట్టపర్తికి వందేళ్ల కిందట సరైన బాట లేదు. 1926 నవంబరు 23న అక్కడ పుట్టిన సత్యనారాయణరాజు పెద్ద బడి కోసం రోజూ బుక్కపట్నం నడిచి వెళ్లేవాడు. తర్వాత ఉరవకొండ హైస్కూలు. అన్న శేషమరాజు అక్కడ తెలుగు పంతులు. 1940లో ఆ ఉరవకొండలోనే పుస్తకాల సంచి పక్కన పడేసి బయటికి వచ్చాడు. హైస్కూలు చదువు పూర్తి చేయని ఆ పిల్లవాడే సత్యసాయిగా ఒక విశ్వవిద్యాలయాన్ని స్థాపించి, దానికి కులపతి అయ్యారు. తల్లి ఈశ్వరమ్మ కొడుకును మూడు అడిగిందని ఈ ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు: ఊరికో బడి, ఒక ఆసుపత్రి, తాగడానికి నీళ్లు. కరువు సీమ తల్లి అడిగే కోరికలు అంతకన్నా వేరుగా ఎలా ఉంటాయి? ఆ మూడూ తర్వాతి రోజుల్లో ఆమె ఊరిని దాటి, జిల్లా అంతటికీ పాకాయి.

మొదటి కాలేజీ ఆడపిల్లలకు పెట్టారు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. 1968లో అనంతపురంలో శ్రీ సత్యసాయి మహిళా కళాశాల మొదలైంది. భక్తులు దేశదేశాల నుంచి వస్తున్న పుట్టపర్తిలో భవనం కట్టడం సులువే. మగపిల్లల కాలేజీతో మొదలుపెట్టడం ఇంకా సులువు. అయినా ఆడపిల్లల కోసం, అదీ జిల్లా కేంద్రంలో, హాస్టలుతో సహా పెట్టారు. బెంగళూరు దగ్గర వైట్‌ఫీల్డులో మగపిల్లల కాలేజీ 1969లో వచ్చింది. పుట్టపర్తిలో ప్రశాంతి నిలయం కాలేజీ రావడానికి 1978 దాకా పట్టింది. 1981 నవంబరు 22న ఈ మూడూ కలిసి డీమ్డ్ విశ్వవిద్యాలయం అయ్యాయి. చరిత్ర రాసేటప్పుడు ఆ నవంబరు తేదీని పెద్ద అక్షరాల్లో వేస్తారు. నన్నడిగితే 1968 ఇంకా పెద్దది. కూతురిని పొరుగూరి బడికి పంపడానికే వెనకాడే రోజుల్లో, అనంతపురం హాస్టలుకు పంపి డిగ్రీ చదివించవచ్చని తల్లిదండ్రులకు ధైర్యమిచ్చిన ఏడాది అది.

తొలి ఉపకులపతిగా వచ్చినవారు వినాయక కృష్ణ గోకాక్. కన్నడ కవి, ఆంగ్ల సాహిత్య ఆచార్యుడు, అంతకుముందు బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. కర్ణాటకలో కన్నడ భాష స్థానం మీద ఆయన అధ్యక్షతన ఇచ్చిన నివేదిక కోసం ఆ రాష్ట్రం వీధుల్లోకి వచ్చింది. ఆ ఉద్యమానికి ఆయన పేరే నిలిచిపోయింది. తర్వాత 1990లో జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. అంతటి కన్నడిగుడు తెలుగుసీమలో విశ్వవిద్యాలయానికి పునాదులు వేయడం హిందూపురం, మడకశిర, పెనుకొండ వైపు పెరిగినవాళ్లకు వింతగా తోచదు. సంతలో బేరం ఒక భాషలో, ఇంట్లో మాట ఇంకో భాషలో నడిచే నేల ఇది.

అదే 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. అంతకుముందు అది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రం. కరువుకు పేరుపడ్డ జిల్లాకు ఒకే ఏడాది రెండు విశ్వవిద్యాలయాలు! మన పల్లెల పిల్లలకు పీజీ అంటే ఎస్కేయూనే గుర్తొస్తుంది. అక్కడి తెలుగు శాఖలో పాఠాలు చెప్పిన కొలకలూరి ఇనాక్, రాచపాళెం చంద్రశేఖరరెడ్డి ఇద్దరూ కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవారు. ఆ తరగతి గదుల నుంచి వచ్చిన పంతుళ్లు, కథకులు, పరిశోధకుల గురించి మరో ఆదివారం రాయాల్సినంత ఉంది. ఇవాళ్టి మాట పుట్టపర్తి గురించి.

పుట్టపర్తి విశ్వవిద్యాలయంలో చదువుకు ఫీజు లేదు. డిగ్రీ అయినా, ఎంబీఏ అయినా, పీహెచ్‌డీ అయినా అంతే. ప్రవేశ పరీక్ష దేశమంతటికీ ఒకటే. కులం, మతం, డబ్బు అడగరు. అందరూ హాస్టల్లోనే ఉండాలి. తెల్లవారుజామున సుప్రభాతంతో రోజు మొదలవుతుంది. ప్రార్థన, వేదపఠనం, ఆటలు, క్లాసులు, లైబ్రరీ. వీటితో పాటు హాస్టల్లో స్వయంసేవ ఒక క్రమం. కరెంటు పని, కొళాయిల పని, చిన్న దుకాణం నడపడం, వడ్డన, శుభ్రం, రోగులైన తోటివారిని చూసుకోవడం పిల్లలే పంచుకుంటారు. భౌతికశాస్త్రంలో పరిశోధన చేసే కుర్రవాడు సాయంత్రం గరిటె పట్టుకుని పంక్తిలో వడ్డిస్తాడు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. మన ఇళ్లలో చదువుకునే మగపిల్లవాడు తాగిన గ్లాసు తీయడు. ఆ అలవాటును మాన్పించడమే పెద్ద చదువని నా గట్టి నమ్మకం. ఆ గరిటె పట్టడం నేర్చుకున్నారు కాబట్టే తర్వాత జరిగింది జరిగింది.

2000 అక్టోబరు, దసరా రోజులు. విశ్వవిద్యాలయం విద్యార్థులు గ్రామసేవ మొదలుపెట్టారు. ముందురోజే పొయ్యిలు వెలిగేవి. రాత్రంతా పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం ఉడికేది. చింతపండు పులుసు కాగేది. ఒక పక్క లడ్డూలు చుట్టేవారు, ఇంకో పక్క పొట్లాలు కట్టేవారు. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి చేసే పని. తెల్లారేసరికి వాహనాల్లో పొట్లాలు, చీరలు, పంచెలు సర్దుకుని ఒక్కో జట్టు ఒక్కో ఊరికి బయలుదేరేది. పుట్టపర్తి, బుక్కపట్నం, కొత్తచెరువు మండలాల పల్లెలు మొదటి నుంచీ ఆ దారిలో ఉన్నాయి. ఊరి మొదట్లో దిగి, భజన పాడుకుంటూ వీధుల్లో నడిచి, ఏ గడపా వదలకుండా ఇచ్చేవారు. అగ్రవర్ణాల వీధి, ఎస్సీ కాలనీ అన్న తేడా లేదు. ఊరి మధ్య బల్ల వేసి జనాన్ని వరుసలో నిలబెట్టి పంచే పద్ధతి కూడా కాదిది. తలుపు కొట్టి, ఇంటివాళ్లకు దండం పెట్టి, రెండు చేతులతో అందించేవారు. పంచడం వేరు, అందించడం వేరు. వరుసలో నిలబడి తీసుకున్నవాళ్లకు ఆ తేడా బాగా తెలుసు.

మన పల్లెల్లో గడపలోకి వచ్చిన కొత్తమనిషిని అవ్వలు అడిగే మొదటి మాట ఒకటే: "యా ఊరు నాయనా మీది?" ఆ తెల్లబట్టల కుర్రవాడిది కేరళ కావచ్చు, ఒడిశా కావచ్చు, నేపాల్ కావచ్చు. తెలుగు రానివాళ్లూ ఉంటారు. ఆమె తన ఇంటి సంగతులన్నీ చెబుతుంది, వాడు తలూపుతాడు. మహానగరంలో పుట్టి పెరిగిన పిల్లలు పొయ్యి పొగ, కొట్టంలో కట్టేసిన ఎద్దు, గోడకు ఆనించిన గుంటక, నీళ్లకు వరుసలో పెట్టిన బిందెలు దగ్గరగా చూసింది ఆ ఉదయాల్లోనే. కరువు అనే మాట అర్థశాస్త్రం పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, శెనక్కాయ పంట దెబ్బతిన్న ఏడాది రైతు ఇంటి గడపలో నిలబడితే తెలిసేది తెలియదు. పొట్లం వల్ల ఆ ఇంటికి ఒక పూట గడిచింది. ఆ పిల్లవాడికి మాత్రం ఆ పూట జీవితమంతా పనికొచ్చింది. ఈ మాట కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానని ఎవరైనా అనవచ్చు. నేను వెనక్కి తీసుకోను.

అనంతపురం క్యాంపస్ అమ్మాయిలు కూడా వెనకబడలేదు. నవంబరు 19న ప్రశాంతి నిలయంలో మహిళా దినోత్సవం జరుపుతారు. వేదిక మీద పాట, ప్రసంగం, నాటకం వాళ్లవే. ఆహారం, పోషకాహారం మీద చదువూ పరిశోధనా ఆ క్యాంపస్‌లో ఉన్నాయి. రక్తం లేక పాలిపోయిన తల్లులున్న జిల్లాకు ఇంతకన్నా దగ్గరి పాఠ్యాంశం ఏముంటుంది?

ఇక పుట్టపర్తిలోని ఆసుపత్రి. 1990 నవంబరులో ప్రకటించారు, 1991 నవంబరు 22న తలుపులు తెరిచారు. ప్రధాని పి.వి. నరసింహారావు వచ్చి ప్రారంభించారు. బ్రిటిష్ వాస్తుశిల్పి కీత్ క్రిచ్‌లో గీసిన గోపురాల భవనం. దూరం నుంచి చూస్తే రాజప్రాసాదంలా ఉంటుంది, లోపల బిల్లు కట్టే కౌంటరు లేదు. గుండె ఆపరేషన్ అంటే వెల్లూరో మద్రాసో బెంగళూరో వెళ్లాలి, పొలం అమ్మాలి అన్న రోజులవి. అలాంటిది ఎద్దుల బండి దిగివచ్చిన రైతుకు ఇక్కడ గుండెను కోసి కుట్టి, పైసా అడగకుండా ఇంటికి పంపారు. 2001లో వైట్‌ఫీల్డులో రెండోది వచ్చింది. దాన్ని ప్రారంభించింది అటల్ బిహారీ వాజపేయి.

డాక్టర్ల గురించి అందరూ రాశారు. ఈ ఆసుపత్రులు నడవడానికి లెక్కలు చూసేవాళ్లు, మందులు సమయానికి తెప్పించేవాళ్లు, కంప్యూటర్లు సరిచేసేవాళ్లు, భయపడుతున్న రోగి పక్కన కూర్చునేవాళ్లు కావాలి. విశ్వవిద్యాలయంలో చదివిన పిల్లలు కొందరు ఆ పనుల్లో చేరారు. అదే ఎంబీఏతో బొంబాయిలో బ్యాంకు ఉద్యోగం, పెద్ద జీతం వచ్చేవే. కొందరు ఆ బ్యాంకులకే వెళ్లారు, విదేశీ విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులయ్యారు. అదీ తప్పు కాదు. వాళ్లలో చాలామంది ఏటా సెలవు పెట్టుకుని నవంబరులో పుట్టపర్తి వచ్చి సేవాదళం పనుల్లో దిగుతారు. ఇక్కడే ఉండిపోయి, తాము కూర్చున్న బెంచీల ముందు నిలబడి పాఠం చెప్పేవాళ్లూ తక్కువేం కాదు.

2001లో మొదలైన రేడియో సాయి కూడా అలాంటి చేతుల మీద నడిచిందే. భౌతికశాస్త్రంలో, రక్షణ పరిశోధనలో జీవితం గడిపి, ఈ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన జి. వెంకటరామన్ దాన్ని నిలబెట్టారు. ఆయన చుట్టూ చేరి రాసింది, రికార్డు చేసింది, చదివింది పూర్వ విద్యార్థులే.

తాగునీటి పథకాన్ని ఇక్కడ చెప్పకుండా వెళ్లలేను. 1994 చివర ప్రకటించి, ఏడాదిన్నరలో అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీళ్లు చేర్చారు. గొట్టాలు వేసింది ఎల్ అండ్ టీ. 1999లో తపాలా శాఖ దాని మీద బిళ్ల విడుదల చేసింది. ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు వంగిన జిల్లా ఇది. ఈ పనిలో విద్యార్థుల చేయి లేదు. కానీ వాళ్లు చదువుకుంటున్న ఏళ్లలోనే, కిటికీలోంచి కనిపించేంత దగ్గరలో ఆ పని జరిగింది. నీళ్ల ట్యాంకు చూస్తూ చదివిన పిల్లవాడు సేవ అనే మాటను పుస్తకంలో వెతుక్కోనక్కర్లేదు.

ఏటా నవంబరు 22న స్నాతకోత్సవం. 2010లో జరిగిన 29వ స్నాతకోత్సవానికి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. 2023లో 42వ దానికి రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వచ్చారు. ఆ రెంటి మధ్య, 2011 ఏప్రిల్ 24న, కులపతి సత్యసాయి కన్నుమూశారు. ఆ వేసవిలో పుట్టపర్తి బస్టాండులో, ధర్మవరం రైల్లో, ఓడీ చెరువు టీ కొట్ల దగ్గర జనం అడిగింది ఒకే ప్రశ్న: ఇక ఇవన్నీ నడుస్తాయా? ఫీజు లేని చదువు, బిల్లు లేని ఆసుపత్రి మనిషి పోయాక మిగలడం మన దేశంలో అరుదు.

మిగిలాయి. క్లాసులు ఆగలేదు, ఆపరేషన్లు ఆగలేదు.

నాకు ఒక కోరిక ఉంది. ఆమడగూరు, ఓడీ చెరువు, నల్లమాడ హైస్కూళ్ల పంతుళ్లూ, జూనియర్ కాలేజీల లెక్చరర్లూ ఈ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష గురించి పిల్లలకు చెప్పాలి. దరఖాస్తు ఎప్పుడు వస్తుందో బోర్డు మీద రాయాలి. ముఖ్యంగా ఆడపిల్లల తండ్రులను పిలిపించి, అనంతపురం క్యాంపస్ సంగతి కూర్చోబెట్టి చెప్పాలి. ఈ పల్లెల్లో తెలివైన పిల్లలు ఉన్నారు. ఇంటరు అయ్యాక బెంగళూరులో అపార్ట్‌మెంటు కాపలాకో, హోటల్ పనికో బస్సెక్కుతున్నారు. పొట్లం అందుకున్న గడపలోంచి ఒక అమ్మాయి వెళ్లి అక్కడ చదువుకోవాలి. ఆమె కూడా ఒక దసరా ముందురోజు రాత్రి కొంగు బిగించి పులిహోర కలపాలి. తెల్లారి జట్టుతో బయలుదేరి ఏదో ఊళ్లో దిగి, తలుపు కొట్టి, "యా ఊరమ్మా మీది?" అని అవ్వ అడిగితే, "ఈడే అవ్వా, ఆమడగూరు" అని చెప్పాలి.