అమీర్‌పేట కింద నేల లోతు

హైదరాబాదులో పంజగుట్ట నుంచి బేగంపేట వైపు వెళ్ళేవారిలో నిజామియా వేధశాలను గుర్తుపట్టేవాళ్ళు ఇప్పుడు తక్కువ. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో ప్రారంభించిన ఈ సంస్థ ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చి బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించారు. దాని కీర్తి నక్షత్ర పట్టికలది. కానీ టి.పి. భాస్కరన్ వంటి ఖగోళవేత్తలు పనిచేసిన ఆ ఆవరణలోనే మిల్న్-షా భూకంపలేఖిని కూడా ఉండేది. పైనున్న ఆకాశాన్ని కొలిచినచోటే కాళ్ళ కింది నేలనూ వినడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

మిల్న్-షా యంత్రంలో ఒక కాంతిపుంజం తిరిగే డ్రమ్ముకు చుట్టిన ఫోటో కాగితంపై గీత గీస్తుంది. దూరాన భూకంపం వస్తే ఆ గీతలో ముందు రెండు చిన్న అలజడులు కనబడతాయి. ఆ తర్వాత పెద్ద ఊపులు నింపాదిగా వస్తాయి. 1897 అస్సాం భూకంపపు రికార్డులను పరిశీలించి ఈ మూడింటినీ విడదీసి చూపినవాడు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ అధికారి ఆర్.డి. ఓల్డ్‌హామ్. ఆ చివరివే ఉపరితల తరంగాలు. వీటిలో ఒక రకాన్ని 1885లో లార్డ్ రేలీ గణితంతో ముందే ఊహించాడు. మరో రకాన్ని 1911లో ఎ.ఇ.హెచ్. లవ్ వివరించాడు.

వాటి విలువంతా ఒక్క గుణంలో ఉంది: అన్నీ ఒకే వేగంతో నడవవు. తరంగం ఎంత పొడవైతే దాని కదలిక అంత లోతుకు దిగుతుంది. లోతున రాయి గట్టిది కనుక పొడుగు తరంగాలు సాధారణంగా ముందుగా చేరతాయి. 20 సెకన్లకొకసారి ఊగే రేలీ తరంగం పొడవు దాదాపు 70 కిలోమీటర్లు. అందులో మూడోవంతు లోతున్న రాయి లక్షణం దానికి బాగా తెలుస్తుంది. ఏ తరంగం ఏ వేగంతో వచ్చిందో లెక్కగడితే భూపటలం పొరపొరగా బయటపడుతుంది.

1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హైదరాబాదులో ఏర్పడ్డాక పటలాన్ని చదివే ఈ పని స్థిరపడింది. 1970లలో ఆ సంస్థ కావలి నుంచి ఉడిపి దాకా పేలుళ్ళు జరిపి భూగర్భాన్ని శోధించింది. ఉపరితల తరంగాలకు పేలుళ్ళతో పనిలేదు. ఎక్కడో వచ్చిన భూకంపమే చాలు. 1974లో ఎస్.ఎన్. భట్టాచార్య ద్వీపకల్పపు పటలాన్ని ఈ తరంగాలతోనే లెక్కించారు. 2003లో ఎస్.ఎస్. రాయ్, కీత్ ప్రీస్ట్‌లీ, డి. శ్రీనగేశ్, వి.కె. గౌర్ తదితరులు వీటిని పటలం అడుగున ఉండే మోహో సరిహద్దు దగ్గర రూపం మార్చుకునే తరంగాలతో కలిపి చదివారు. హైదరాబాదు కింద పటలం మందం సుమారు 33 కిలోమీటర్లు. కర్ణాటక వైపున్న పశ్చిమ ధార్వాడ్ ప్రాంతంలో అది 42 నుంచి 51 దాకా ఉంది. చూడటానికి ఒకే తీరు పాతరాయి, అడుగున ఇంత తేడా! దీని కారణంపై చర్చ సాగుతూనే ఉంది.

2005లో షపీరో, కంపీయో బృందం కాలిఫోర్నియాలో మరో అడుగు వేసింది. భూకంపం లేకపోయినా సముద్రం పుట్టించే నిరంతర సన్న ప్రకంపనల నుంచే రేలీ తరంగాలను వేరుచేసింది. నగరపు రొదా అటువంటిదే, కాకపోతే తరంగాలు పొట్టివి. అమీర్‌పేట కూడలిలో బస్సుల తాకిడికి సెకనుకు 5 సార్లు ఊగే తరంగం పుట్టి, సెకనుకు 500 మీటర్ల వేగంతో సాగిందనుకుందాం. దాని పొడవు 100 మీటర్లు. అది తెలిపేది 33 కిలోమీటర్ల సంగతి కాదు, పై 30 మీటర్లది: మెత్తబడిన మొరం ఎక్కడ ముగిసి గట్టి గ్రానైట్ రాయి ఎక్కడ మొదలవుతుందో.