ఈదురు గాలులు, తుఫాన్లకు కర్ర ఇంటి కప్పు లేచిపోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

కర్ర గుంజలు, వాసాల మీద తాటాకు, పెంకులు లేదా రేకులు వేసిన ఇళ్లు, పశువుల పాకలు మన పల్లెల్లో ఇంకా చాలా ఉన్నాయి. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుఫాన్లకు, తెలంగాణ, రాయలసీమల్లో ఏప్రిల్, మే నెలల ఈదురు గాలులకు ముందుగా దెబ్బతినేవి ఇవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను తాకినప్పుడు ఎన్నో ఇళ్ల కప్పులు లేచిపోయాయి. కప్పు పోతే ఇంటితో పాటు దాచుకున్న విత్తనాలు, ధాన్యం, ఎరువులు కూడా తడిసిపోతాయి. కొద్ది ఖర్చుతో, కొంత శ్రమతో ఈ నష్టాన్ని బాగా తగ్గించుకోవచ్చు.

గాలి కప్పును ఎలా లేపుతుంది?

గాలి కప్పును నెట్టి పడగొడుతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఎక్కువ సార్లు జరిగేది, కప్పు పైకి లేవడమే. గాలి ఇంటి మీదుగా వేగంగా పోయేటప్పుడు కప్పు పైన పీడనం తగ్గి, కప్పును పైకి లాగే బలం పుడుతుంది. అదే సమయంలో గాలి వచ్చే వైపు తలుపో కిటికీయో ఊడితే, గాలి లోపలికి దూరి కప్పును కింది నుంచి కూడా నెడుతుంది. అందుకే తలుపు విరిగిన కాసేపటికే కప్పు లేచిపోతుంది.

గాలి వేగం రెట్టింపు అయితే దాని బలం నాలుగు రెట్లు అవుతుంది. పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న ఇనుప రేకు బరువు సుమారు 15 కిలోలు. గంటకు 100 కిలోమీటర్ల గాలిలో దానిని పైకి లాగే బలం సుమారు 150 కిలోల వరకు ఉంటుంది. 180 కిలోమీటర్ల గాలిలో అది దాదాపు 500 కిలోలు. చూరు, కొప్పు, మూలల దగ్గర ఇంకా ఎక్కువ. కాబట్టి రేకును నిలబెట్టేది దాని బరువు కాదు, దాని కట్టు.

ఎక్కడ బలహీనంగా ఉందో చూసుకోండి

రేకు లేదా తాటాకు పెండెలకు (అడ్డ బద్దలకు), పెండెలు వాసాలకు, వాసాలు దూలానికి, దూలం గుంజలకు, గుంజలు నేలకు గట్టిగా పట్టి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి వదులుగా ఉన్నా గాలి అక్కడే తెంపుతుంది. వర్షాకాలానికి ముందే ఒక పూట కేటాయించి ఈ వరుసలోనే పై నుంచి కిందికి చూసుకోండి.

• గుంజ మొదట్లో నేలకు ఆనుకున్న చోట కత్తితో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే చెదలు తిన్నట్లే. ఆ గుంజ మార్చాలి.
• వాసం, దూలం కలిసే చోట ఒక్క మేకు మాత్రమే ఉంటే అది చాలదు. మేకు పైకి లాగితే ఊడి వస్తుంది. అక్కడ జీఐ తీగతో మూడు నాలుగు చుట్లు చుట్టి మెలిపెట్టండి, లేదా ఇనుప పట్టీ వేసి రెండు వైపులా మేకులు కొట్టించండి.
• పాత పురికొస, కొబ్బరి తాడు కట్లు ఎండకూ వానకూ చివికిపోతాయి. వాటిని మార్చండి.

కర్ర చట్రం గట్టిగా ఉండాలంటే

• గుంజలను కనీసం రెండున్నర నుంచి మూడు అడుగుల లోతున పాతండి. గుంజ అడుగున అడ్డంగా ఒక కర్ర ముక్క బిగించి, రాళ్లూ మట్టీ వేసి దిమ్మిస కొడితే గుంజ పైకి ఊడి రాదు.
• పాతే భాగానికి తారు పూయండి. చేవ ఉన్న కర్రనే వాడండి.
• మూలల్లో గుంజకూ దూలానికీ మధ్య ఏటవాలు కర్రలు కట్టండి. ఇవి లేని పాక గాలికి ఒక పక్కకు ఒరిగిపోతుంది.
• కొత్తగా కట్టేవారు నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు వేసుకోవడం మంచిది. రెండు వాలుల కప్పు కంటే ఇది గాలిని బాగా తట్టుకుంటుంది. మరీ చదునైన కప్పును గాలి తేలికగా లేపుతుంది.
• చూరు గోడ దాటి ఒకటిన్నర అడుగుకు మించకుండా చూసుకోండి. పంచ కావాలంటే దాని కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా వేయండి. పంచ లేచినా ఇల్లు మిగులుతుంది.

కప్పును బట్టి జాగ్రత్తలు

తాటాకు, గడ్డి: కప్పు మీద నైలాన్ తాడును ఏటవాలుగా అటూ ఇటూ, అడుగున్నర ఎడం మించకుండా లాగి కింది కర్రలకు కట్టండి.

పెంకులు: చూరు దగ్గరి వరుసలు, కొప్పు పెంకులు ముందు ఎగురుతాయి. వాటిని సున్నం లేదా సిమెంటుతో అతికించండి.

రేకులు: మేకులకు బదులు జె-హుక్కులు, వాటి కింద వాషర్లు వాడండి. చూరు, కొప్పు, పక్క అంచుల దగ్గర హుక్కులను మధ్యలో కంటే రెట్టింపు దగ్గరగా వేయించండి.

తాటాకు తీసి అదే పాత చట్రం మీద రేకులు వేసేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. తాటాకు సందుల్లోంచి కొంత గాలి పోతుంది, రేకులోంచి పోదు. చట్రాన్ని బలపరచకుండా రేకులు వేస్తే రేకులతో పాటు వాసాలు కూడా లేచిపోతాయి.

రేకుల మీద రాళ్లు పెట్టకండి. పైన చెప్పిన లెక్క ప్రకారం నాలుగు రాళ్ల బరువు రేకును ఆపలేదు. పైగా ఆ రాళ్లు ఇంట్లో వాళ్ల మీదో పక్కింటి మీదో పడతాయి.

తుఫాను హెచ్చరిక వచ్చాక

• కప్పు మీదుగా తాళ్లు లేదా గట్టి వల వేసి, ఇంటికి రెండు వైపులా నేలలో లోతుగా దిగ్గొట్టిన మేకులకు లాగి కట్టండి. గుంజ మొదట్లకు కట్టినా, ఆ గుంజలు గట్టివై ఉండాలి.
• ఇంటి మీదికి వంగిన కొమ్మలు కొట్టేయండి. వదులుగా ఉన్న రేకు ముక్కలు, కర్రలు లోపల పెట్టండి.
• తలుపులు, కిటికీలకు లోపలి నుంచి అడ్డకర్ర వేయండి.
• విత్తనాలు, పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు కాగితాలు ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి వెంట తీసుకెళ్లండి.
• పశువులను పాకలో కట్టేసి ఉంచకండి. మెరక ప్రాంతానికి తోలండి. వీలుకాకపోతే తాళ్లు విప్పేయండి.
• పెద్ద తుఫానుకు కర్ర ఇల్లు ఎంత బిగించినా నమ్మకం లేదు. అధికారులు చెప్పగానే, గాలి మొదలు కాకముందే తుఫాను రక్షణ కేంద్రానికో, దగ్గరలోని పక్కా భవనానికో వెళ్లండి. ముసలివాళ్లు, పిల్లలు, గర్భిణులను ముందు పంపండి.

గాలి ఒక్కసారిగా ఆగితే

తుఫాను కన్ను మీ ఊరి మీదుగా పోతే గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. తుఫాను వెళ్లిపోయిందని కప్పు సర్దడానికి పైకి ఎక్కకండి. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా వస్తుంది. మొదటి గాలికి వదులైన కప్పులు ఈ రెండో గాలికి లేచిపోతాయి. తుఫాను పూర్తిగా దాటిందని అధికారులు చెప్పేదాకా బయటికి రావద్దు.

తరువాత

తెగిన కరెంటు తీగలను, వాటికి తగిలిన రేకులను ముట్టుకోకండి. 1912కు ఫోన్ చేయండి. అత్యవసరమైతే 112, జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్ కోసం 1077. ఇల్లు సర్దడానికి ముందే దెబ్బతిన్న కప్పు, గోడలు, పశువుల పాక ఫోటోలు తీసి పెట్టుకోండి. రెవెన్యూ సిబ్బంది నష్టం లెక్కకు వచ్చినప్పుడు అవి పనికి వస్తాయి. మీ ఇల్లు జాబితాలో చేరిందో లేదో మీరే వెళ్లి అడిగి చూసుకోండి.

మళ్లీ కప్పు వేసేటప్పుడు, పాతది ఎక్కడ తెగిందో చూసి ఆ కట్టునే ముందు బలపరచండి.